పెరటి చెట్టు, పరదేశపు విత్తు

పెరటి చెట్టు మందుకు రాదని తెలుగువారి సామెత. బొప్పాయి విషయమున మాత్రము ఈ సామెత తలక్రిందులైనది. బావి గట్టున, పశువుల పాక ప్రక్కన, ఎవరును నాటకయే మొలచి, ఏడాది తిరుగునప్పటికి కాపునకు వచ్చు ఈ చెట్టును గూర్చి ప్రతి యింటను ఏదో యొక వైద్యము వినవచ్చును. అజీర్తికి పండు, నులిపురుగులకు గింజ, తామరకు పాలు, విషజ్వరమునకు ఆకు అని పెద్దలు చెప్పుదురు. ఇవన్నియు చరక సుశ్రుతుల నాటి నుండి వచ్చుచున్న మాటలే యని నమ్మువారు పెక్కుమంది కలరు. ఆ నమ్మకము సరి కాదు. చరకునకు గాని సుశ్రుతునకు గాని బొప్పాయి తెలియదు. తెలియుటకు వీలును లేదు. వారి కాలమున ఈ చెట్టు భూగోళమునకు ఆవలి ప్రక్కన నుండెను. అది యెక్కడిది, ఎట్లు వచ్చినది, దాని గుణములను ఎవరు కనిపెట్టిరి, దానిని గూర్చి చెప్పుకొను మాటలలో జమ కట్టవలసినవి ఏవి, కొట్టివేయవలసినవి ఏవి అని విచారించుట అవసరము. ఏలయన వీనిలో కొన్ని మాటలు ఆరోగ్యమునకు సంబంధించినవి. ఒకటి రెండు ప్రాణములకే సంబంధించినవి.

విత్తు వచ్చిన త్రోవ

బొప్పాయికి పుట్టినిల్లు అమెరికా ఖండమునందలి దక్షిణ మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతములు. 1492లో కొలంబసు ఆ ఖండపు దీవులను చేరిన పిమ్మట స్పెయిను దేశీయులు అక్కడి పంటలను ఒక్కటొక్కటిగా గుర్తింపసాగిరి. ఓవియెడో అను స్పానిషు చరిత్రకారుడు 1535లో ప్రకటించిన గ్రంథమున ఈ చెట్టును వర్ణించెను. స్పెయిను ఓడలు పసిఫికు సముద్రమును దాటి ఫిలిప్పైను దీవులకు రాకపోకలు సాగించిన ఆ శతాబ్దముననే ఈ విత్తును ఆ దీవులకు చేరినది. అచ్చటి నుండి మలక్కా రేవునకును, మలక్కా నుండి భారతదేశపు పడమటి తీరమునకును వచ్చినది.

ఈ త్రోవను వ్రాసి యుంచిన సాక్షి యొకడు కలడు. లిన్‌షోటెను అను డచ్చివాడు 1583 మొదలు 1588 వరకు గోవాలో పోర్చుగీసు మతాధికారి కొలువున నుండెను. అతడు 1596లో అచ్చు వేయించిన యాత్రాగ్రంథములో, ఈ పండు స్పానిషు వారి అమెరికా నుండి ఫిలిప్పైనులు, మలక్కాల మీదుగా హిందూదేశమునకు వచ్చినదని వ్రాసెను. కావున బొప్పాయి మన దేశమున అడుగు పెట్టి నాలుగు శతాబ్దములకు కొంచెము పైబడినదని చెప్పవచ్చును.

ఇంత దూరము ఇంత వేగముగ వచ్చుటకు కారణము ఆ విత్తులోనే కలదు. పనస గింజ వలె అది నాలుగు దినములలో చెడిపోదు. ఎండబెట్టిన గింజలు చిటికెడు మూటలో పట్టును. ఓడ ప్రయాణమును ఓర్చుకొనును. తడి తగిలిన నేల దొరకగనే మొలచును. మామిడి వలె ఏండ్ల తరబడి కాచుకొని యుండ నక్కరలేదు. నాటినవాడే పండు తినగల చెట్టు కనుక ఒకరి చేతి నుండి ఒకరి చేతికి త్వరగా ప్రాకినది.

మరి నూరేండ్లకు అది మలబారు తీరమున ఇంటి చెట్టే అయినది. కొచ్చిలో డచ్చి కంపెనీ అధికారి యైన వాన్ రీడె, ఇట్టి అచ్యుతన్ మొదలగు దేశీయ వైద్యుల సాయముతో కూర్చిన మలబారు వృక్షగ్రంథపు మొదటి సంపుటము 1678లో ఆమ్‌స్టర్‌డాము నగరమున వెలువడినది. అందు దేశవాళి చెట్లతోపాటు బొప్పాయియు కలదు. 1753లో లినేయసు అను స్వీడను పండితుడు వృక్షములకు శాస్త్రీయ నామములు పెట్టునపుడు దీనికి కారికా పపాయ అని పేరిడెను. ఆకులు అంజూరపు ఆకులను పోలియుండుటచే కారికా అనినాడు.

పేరులు చెప్పు సాక్ష్యము

ఒక వస్తువు పరదేశము నుండి వచ్చినపుడు దాని జాడ ముందుగా పేరులో కనబడును. కరీబియను దీవుల వారి పలుకును స్పానిషు వారు పపాయ అనిరి. అదియే మన నోట బొప్పాయి, బొప్పాసి, పొప్పడి యని ప్రాంతమున కొక తీరుగ మారినది. కొన్ని తావుల దీనిని పరంగికాయ యందురు. కన్నడ దేశమునను పరంగి పండనియే వాడుక. పరంగి యనగా ఐరోపావాడు. ఫ్రాంకులను జాతి పేరును అరబ్బులు, పారసీకులు ఫరంగీ యని పలుకగా, అది మన దేశమునకు వచ్చి ఫిరంగి, పరంగి యైనది.

ఈ యొక్క మాట వెంట మూడు వస్తువులు మన దేశమున దిగుట విశేషము. మొదటిది రోగము. 16వ శతాబ్దమున భావమిశ్రుడు రచించిన భావప్రకాశమున ఫిరంగ రోగమని వర్ణింపబడిన సవాయి వ్యాధి చరక సుశ్రుత సంహితలలో లేదు. రెండవది కోటగోడలను కూల్చు తోపు. దానికిని మనవారు ఫిరంగి యనియే పేరు పెట్టిరి. మూడవది పండు. మూడింటిలో మేలు చేసినది మూడవది యొక్కటే.

మరికొందరు ఈ చెట్టుకు పరదేశపు పేరు పెట్టక పోలికను బట్టి పిలిచిరి. కాయ సొరకాయను పోలియుండుటచే కోస్తా జిల్లాలలో మదనానపకాయ యనిరి. సంస్కృతజ్ఞులు ఏరండకర్కటి యనిరి. ఏరండమనగా ఆముదము, కర్కటి యనగా దోస. ఆముదపు ఆకు వంటి ఆకు, దోసకాయ వంటి కాయ కలది యని యర్థము. సంస్కృత నామము కనబడినంతనే అది వేదకాలపు వస్తువని తలచరాదు. సీతాఫలమును అమెరికా నుండి వచ్చినదే. మిరప, జామ, అనాస, వేరుసెనగ, జీడిమామిడి కూడ ఆ ఖండము నుండి వచ్చినవే. సీతాదేవి వనవాసమున సీతాఫలము తినలేదు. ప్రజలు ప్రేమతో ఆమె పేరు పెట్టుకొనిరి.

ఇందువలన మన వైద్యశాస్త్రమునకు కొదువ యేమియు లేదు. భావమిశ్రుడు పూర్వ గ్రంథములలో లేని రోగమును చూచి, లేదని కన్నులు మూసికొనలేదు. క్రొత్త రోగమునకు క్రొత్త పేరు పెట్టి, చీనా దేశపు చోపచీనిని మందుగా వ్రాసెను. చూచినది వ్రాయుటయే శాస్త్రకారుల సంప్రదాయము. వారు చూడని దానిని వారి నోట పలికించుట ఆ సంప్రదాయమునకు గౌరవము కాదు.

వంటయింటి శాస్త్రము

బొప్పాయి గుణములలో మిక్కిలి గొప్పదానిని కనిపెట్టినది వైద్యులు కారు, వంట చేయువారు. ముదురు మాంసమునకు పచ్చికాయ ముద్ద పట్టించి కొంతసేపు ఉంచిన యెడల అది మెత్తగ ఉడుకును. హైదరాబాదు కబాబులకును, పచ్చి మాంసముతో వండు బిర్యానీకిని పచ్చి బొప్పాయి రాచుట నేటికిని గల వాడుక. దీనికి కారణము పచ్చికాయ పాలలో నున్న పపైను అను ఎంజైము. అది మాంసకృత్తుల గొలుసులను తెంచి చిన్న ముక్కలుగ చేయును. కడుపులో జీర్ణరసములు చేయు పనిలో కొంత ఇది గిన్నెలోనే చేసిపెట్టునని చెప్పవచ్చును.

ఈ వంటయింటి సంగతి ప్రయోగశాలకు చేరుట కలకత్తాలో మొదలైనది. 1873లో జి. సి. రాయి అనువారు కలకత్తా వైద్య పత్రికలో, బొప్పాయి పాలు ఆహార పదార్థములను కరిగించు విధమును గూర్చి వ్యాసము ప్రకటించిరి. 1879లో వుర్ట్జు, బూషూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు దానిని వేరుపరచి పపైను అని పేరిడిరి. 1968లో డ్రెంతు మొదలగు డచ్చి శాస్త్రజ్ఞులు ఆ అణువు ఆకృతి యెట్టిదో ఎక్స్ కిరణముల సాయముతో నిర్ణయించిరి.

ఈ సంగతి తెలిసినచో వంటలో కొన్ని మెలకువలు తెలియును. పాలు పచ్చికాయలో మెండు; కాయ పండిన కొలది తగ్గిపోవును. కావున మాంసము మెత్తబడుటకు పండు పనికిరాదు. ముద్దను రాత్రియంతయు పట్టించి యుంచినచో మాంసము పిండి పిండి యగును. బాగుగ ఉడికిన పిమ్మట పాల శక్తి నశించును. పచ్చికాయను చెక్కు తీయువారు చేతులకు నూనె రాచుకొనుట మంచిది. లేనిచో చర్మము మండును. శాకాహారులకు ముదిరిన పచ్చికాయ కూరకును, పప్పులోనికిని, పచ్చడికిని పనికివచ్చును. బేకరీ రొట్టెలలో ఎర్రగ, పచ్చగ మెరయు టూటీ ఫ్రూటీ ముక్కలు ఏ సీమ పండో యని పిల్లలు తలతురు. అవి చాల వరకు పచ్చి బొప్పాయి ముక్కలను పంచదార పాకమున నానబెట్టి రంగు వేసినవే.

పాలు తీయుట యొక వ్యాపారమైనది. ముదిరిన పచ్చికాయ మీద తెల్లవారుజామున లోతు లేని గీతలు గీచి, కారిన పాలను పట్టి, తక్కువ వేడిమిని ఎండించి పొడి చేయుదురు. ఇనుము తగిలినచో పాలు చెడునని వెదురు బద్దయో, తుప్పు పట్టని కత్తియో వాడుదురు. సింహళము, తూర్పు ఆఫ్రికా దేశములు ఒకప్పుడు ఈ పొడిని విదేశములకు విరివిగ పంపినవి. బీరు మసక బారకుండుటకును, తోళ్లు పదును పెట్టుటకును, పట్టు మీది జిగురు తీయుటకును, మందుల తయారీకిని ఇది ఉపయోగపడినది. గాట్లు పడిన కాయలు చూపునకు బాగుండవు గాని తినుటకు చెడవు.

పెరటిలో ఒకటి రెండు చెట్లు వేయువారు తెలిసికొనవలసినది మరియొకటి కలదు. సామాన్యముగ నాటు విత్తులలో పోతు చెట్లు, పెంటి చెట్లు వేరు వేరుగ వచ్చును. పూత పూయువరకు ఏది యేదో తెలియదు. కావున ఒక పాదున మూడు మొక్కలు పెట్టి, పూత చూచి, పోతు మొక్కలను తీసివేసి, పది పెంటి చెట్లకు ఒక పోతు చెట్టు ఉంచుదురు. మొదట నీరు నిలిచినచో ఒకటి రెండు దినములలో చెట్టు వాలిపోవును. బోలుగ నుండు ఆకు కాడలు పిల్లలకు బూరలు. ఎండిన గింజలను మిరియములలో కలిపి మోసము చేయువారు ఉందురు. నీటి గ్లాసులో వేసినచో మంచి మిరియములు అడుగునకు దిగును, బొప్పాయి గింజలు పైకి తేలును.

జమ కట్టవలసినవి

మందు మాటలలో నిలిచినవి చూతము. మొదటిది పండే. వంద గ్రాముల పండులో సుమారు 88 గ్రాములు నీరు, 60 మిల్లీగ్రాముల సి విటమిను ఉండును. పండునకు రంగు నిచ్చు కెరోటిను మన శరీరమున ఏ విటమినుగ మారును. ఏ విటమిను లోపము వలన పిల్లలకు రేచీకటి కలుగును. ముదిరినచో కన్నులే పోవును. కూనూరు నుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగ పేరొందిన పరిశోధనాలయము వారి కృషి ఫలితముగనే, 1970లో పిల్లలకు ఆరు నెలల కొకసారి ఏ విటమిను మోతాదు నిచ్చు పథకము దేశమున మొదలైనది. ఆ మోతాదుతోపాటు ఇంటి ఆహారమున ఆకుకూరలు, బొప్పాయి వంటివి ఉండుట అవసరము. భోజనమున కొంచెము నూనె, నెయ్యి ఉన్నచో కెరోటిను బాగుగ ఒంటబట్టును. పండులోని పీచు మలబద్ధకమును పోగొట్టును. నిత్యము ఎక్కువగ తినువారికి అరచేతులు పచ్చబారవచ్చును. కనుగ్రుడ్లు తెల్లగనే ఉన్నచో అది కామెర్లు కాదు. పండు తగ్గించిన తీరును. కనుగ్రుడ్లును పచ్చబడినచో వైద్యునకు చూపవలెను.

రెండవది గింజ. 2007లో ప్రకటింపబడిన నైజీరియా దేశపు ప్రయోగములో 60 మంది పిల్లలలో కొందరికి ఎండిన గింజల పొడిని తేనెతో ఇయ్యగా పెక్కుమందికి పురుగులు పోయినవి. పెద్దల మాటలో సత్యము కలదని దీని వలన తెలియుచున్నది. అయినను అది చిన్న ప్రయోగము. 2015 మొదలు మన దేశమున జాతీయ నులిపురుగుల దినమున బడులలోను అంగన్‌వాడీలలోను ఉచితముగ ఇచ్చు మాత్రకు మోతాదు నిశ్చితము. మాత్ర చేతికందుచుండగ గింజల మీద ఆధారపడుట తగదు.

మూడవది పుండ్లు. ఆఫ్రికాలోని గాంబియా దేశపు ఆసుపత్రిలో కాలిన పిల్లల గాయములకు బొప్పాయి ముద్దతో కట్టు కట్టుచున్న విధము 1999లో వైద్య పత్రికలో ప్రకటితమైనది. చచ్చిన చర్మము ఊడి వచ్చుటకు అది తోడ్పడినది. అయితే అది ఆసుపత్రిలో, దాదుల పర్యవేక్షణలో జరిగినది. పపైను కలిపిన పైపూత మందులు కొందరికి ప్రమాదకరముగ పడకపోవుటచే, అనుమతి లేని వానిని 2008లో అమెరికా ప్రభుత్వ శాఖ నిలిపివేయించినది. పాల నుండి తీసిన మరియొక ఎంజైమును జారిన వెన్నుపూస మధ్య బిళ్లలోనికి సూదితో ఎక్కించు చికిత్స 1960 దశకమున మొదలై, 1982లో అమెరికాలో అనుమతి పొంది, 2003లో అక్కడ విక్రయము నిలిచి ముగిసినది. శక్తి గల మందునకు ప్రమాదము కూడ శక్తికి తగినట్లే ఉండునని ఈ చరిత్ర చెప్పుచున్నది.

కొట్టివేయవలసినవి

తామరకును, పులిపిరులకును పచ్చి పాలు పూయుట మన యూళ్లలో కలదు. ఆ పాలు మంచి చర్మము, చెడ్డ చర్మము అను భేదము చూడవు, రెంటిని కాల్చును. కంటిలో పడినచో మరింత ప్రమాదము. రబ్బరు వస్తువులు పడనివారికి ఈ పాలును పడకపోవచ్చును.

డెంగ్యూ జ్వరమునకు ఆకు పసరే మందను మాట ఈ మధ్య కాలమున బలపడినది. పసరు వలన ప్లేట్‌లెట్లు అను రక్తకణముల సంఖ్య పెరిగినట్లు కొన్ని పరిశోధనలలో కనబడిన మాట నిజమే. కాని డెంగ్యూలో ప్రాణము పోవుట కేవలము ఆ సంఖ్య తగ్గుట వలన కాదు. రక్తనాళముల నుండి ద్రవము కారిపోయి, రక్తపు పోటు పడిపోవుట వలన పోవును. ఆ గండము తరచుగ జ్వరము తగ్గిన దినముననే వచ్చును. జ్వరము తగ్గినది, పసరు పని చేసినదని ఇంటివారు సంతోషించుచుండగ రోగి చేజారవచ్చును. కడుపు నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి రక్తము, మగతగ పడియుండుట కనబడినచో ఆ గడియయే ఆసుపత్రికి చేర్చవలెను. అచ్చట సకాలమున ఎక్కించు ద్రవమునకు సాటి యైన పసరు ఏదియు లేదు.

ఇక చెప్పుటకు సంకోచమైనను చెప్పక తప్పని సంగతి యొకటి. గర్భిణి బొప్పాయి తాకరాదని నియమము. 2002లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో ఎలుకలకు పండిన పండు పెట్టగా గర్భమునకు హాని కలుగలేదు. పచ్చి పాలు మాత్రము గర్భాశయమును బలముగ ముడుచుకొనజేసినవి. కావున పచ్చికాయను, దోరకాయను గర్భిణి మానుట మంచిదే. బాగుగ పండిన పండు రెండు ముక్కలు తిన్నదని ఆమెను నిందించుటకు ఆధారము లేదు. దైవికముగ గర్భము పోయిన స్త్రీని, ఏదో తిన్నావని అత్తవారు జీవితాంతము సాధించుట అన్యాయము.

ఈ నియమమునకు మరియొక ముఖము కలదు. పచ్చికాయ గర్భమును పోగొట్టునని విని, దిక్కు తోచని స్త్రీలు దానినే చాటుగ మందు చేసికొనిరి. అది నమ్మదగిన మందు కాదు. గర్భము పూర్తిగ పోదు; రక్తస్రావము ఆగదు; లోపల చీము పట్టును. ఆ విధముగ పోయిన ప్రాణము జనన మరణముల పట్టీలో జ్వరమనియో రక్తస్రావమనియో పడును గాని అసలు కారణము పడదు. 1971లో చేయబడిన చట్టము ప్రకారము, ఆ చట్టము చెప్పిన కారణములు ఉన్నపుడు, అర్హత గల వైద్యుని చేత గర్భస్రావము చేయించుకొనుట నేరము కాదు. 2021లో చేసిన సవరణచే కొందరు స్త్రీలకు 24 వారముల వరకును అవకాశము కలిగినది. వారి పేరు బయట పెట్టరాదని కూడ చట్టము చెప్పుచున్నది. ఈ నాలుగు మాటలు ప్రతి యింటి ఆడువారికి తెలిసి యున్నచో పెరటిలోని చెట్టుకు ఆ పాపము అంటదు.

ముగింపు

నాలుగు వందల ఏండ్ల క్రిందట ఒక ఓడవాని మూటలో వచ్చిన విత్తు నేడు మన పెరటి చెట్టు. దాని గుణములు ఏ ఋషియు చెప్పినవి కావు. పచ్చికాయ ముక్కను మొదటిసారి కుండలో వేసి, మూత తీసి చూచి, ఆశ్చర్యపడిన వంట వారు చెప్పినవి. వారి పేరులు ఏ గ్రంథమునను లేవు. వారు చూచినదానిని శాస్త్రజ్ఞులు మరల చూచి, తూచి, కొంత నిలిపిరి, కొంత తీసివేసిరి. లెక్కలో తప్పు దొరికినపుడు కొట్టివేసి సరి వ్రాయుట లెక్కకు అవమానము కాదు.

ఇరువది యైదేండ్లుగ ఈ గ్రంథాలయపు బీరువాలలో పూర్వుల వైద్యగ్రంథములును, నేటి ఆరోగ్యశాస్త్రపు పుస్తకములును ప్రక్క ప్రక్కనే యున్నవి. ఇంట విన్న మందును వాడుటకు ముందు చదువరులు ఒక్కమారు ఇచ్చటికి వచ్చి రెంటిని తెరచి చూచుట మేలు. సందేహము తీరనిచో వైద్యుని యొద్దకు పోవలెను. పండు మాత్రము ఎవరిని అడుగకయే తినవచ్చును. గింజలను పారవేయక బావి గట్టున చల్లినచో మరుసటి యేటికి పొరుగువారికిని పండు దొరకును.